గాలిచాటు తీరం

ఆరోగ్యం బాగుచేసుకోవటానికి సముద్రతీరాలకు వెళ్ళే మనుషుల్ని నేను ఇంగ్లీషు నవలల్లో చూశాను గాని, ఆ జాతిలో నేనూ ఒకణ్ణి అవుతానని ఎన్నడూ అనుకోలేదు. మా ప్రాంతంలో సముద్రం ఒడ్డున పుట్టినవాడు బాగుపడాలంటే ఆ ఒడ్డు వదిలి పోతాడు. మాది నౌపడా దగ్గర ఒక చిన్న ఊరు. ఉప్పుగాలికి తలుపుల సీలలు తుప్పుపట్టి రాలిపోయే చోటు. అక్కడ ఎండను మెచ్చుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఎండ కాస్తే ఉప్పు పండుతుంది, వాన పడితే కరుగుతుంది. అంతకు మించి ఎండతో మాకు సంబంధం లేదు.

కిందటి సంవత్సరం నా గుండెకు చిన్న వైద్యం జరిగింది. రోజూ గంటసేపు చదునైన చోట నడవమన్నాడు డాక్టరు. మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాల కోసం మారిషస్ వెళ్ళి కాత్ర్ బోర్న్ అనే పట్నంలో కాపురముంటున్నారు. “ఇక్కడికి రా నాన్నా, నీకు నడవటం తప్ప వేరే పనేమీ ఉండదు” అని రాసింది అమ్మాయి. జూలైలో వెళ్ళాను. మనకు ఆషాఢం, వాళ్ళకు శీతాకాలం. కాత్ర్ బోర్న్ ద్వీపం నడుమ పీఠభూమి మీద ఉన్నది. నేను దిగిన నాటినుంచి వారం రోజులు ముసురు పట్టి వదల్లేదు. వైద్యం చేయించుకున్నవాణ్ణి, రొంప పట్టి మంచం ఎక్కుతానేమోనని అమ్మాయికి భయం వేసింది. పడమటి తీరాన లా గోలెట్ అనే పల్లెలో ఒక ముసలి దంపతుల ఇంట్లో గది మాట్లాడి మూడు వారాలకు నన్ను అక్కడికి పంపింది. బస్సులో గంట పైచిలుకు ప్రయాణం. బయలుదేరినప్పుడు గొడుగు వేసుకుని బస్సెక్కాను. దిగేటప్పటికి ఎండ చురుక్కుమన్నది.

ఈ తీరాన్ని చూసి వచ్చినవాళ్ళంతా దీన్ని గురించి రెండే మాటలు చెపుతారు: ఎండ, నిశ్శబ్దం. రెండూ నిజమే. ఎండకు కారణం భూగోళశాస్త్రం చదివినవారికి తెలుస్తుంది. సంవత్సరంలో ఎక్కువకాలం గాలి ఆగ్నేయం నుంచి వీస్తుంది. అది సముద్రం మీద మోసుకొచ్చిన తేమనంతా పీఠభూమి మీదా కొండల మీదా దించేసి, ఒట్టి చేతులతో పడమటికి దిగుతుంది. పీఠభూమి మీద ఏడాదికి నాలుగు వేల మిల్లీమీటర్ల వాన పడే చోట్లుంటే, ఈ తీరంలో వెయ్యికి లోపే. అరగంట దూరంలో ఒకచోట బట్టలు ఆరవు, ఇంకొకచోట తాగే నీటికి కటకట. ఓడలవాళ్ళ భాషలో దీన్ని గాలిచాటు తీరం అంటారు.

నిశ్శబ్దానికీ ఒక కారణం ఉన్నది. ఈ ద్వీపాన్ని చుట్టుకుని సుమారు 150 కిలోమీటర్ల పొడవున పగడపు దిబ్బ ఉన్నది. మహాసముద్రపు కెరటం ఒడ్డుకు రాకముందే దిబ్బమీద విరిగిపోతుంది. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నీళ్ళు చెరువులాగా పడుకుని ఉంటాయి. ఏటి నీరు కలిసే చోట పగడం బతకదు గనక అక్కడ దిబ్బకు గండి ఉంటుంది, ఆ గండి ఎదటనే ఒడ్డున కెరటాలు కనిపిస్తాయి. మిగతా చోట్ల దూరంగా తెల్లని గీత ఒకటి, దాని వెనక ఎప్పుడూ ఆగని హోరు. పుట్టినప్పటినుంచి బంగాళాఖాతపు కెరటాల చప్పుడు వింటూ పెరిగిన నాకు మొదటి రెండు రాత్రులూ నిద్ర పట్టలేదంటే నమ్మండి. సముద్రం పక్కనే ఉండి మాట్లాడకపోవటం నాకు కొత్త.

ఆ మొదటి వారం నేను పొందిన సుఖాన్ని దాచుకోను. మన పత్రికల్లో ప్రకృతిని వర్ణించటమంటే అదొక బలహీనత అనే అభిప్రాయం ఉన్నది. నాకూ ఉండేది. కాని పొద్దున్నే సరుగుడు చెట్ల కింద నడుస్తూ ఎడమపక్క పచ్చని కొండలూ కుడిపక్క కొబ్బరినీళ్ళ రంగులో మొదలై లోపలికి పోయినకొద్దీ లేత ఆకుపచ్చ, ముదురు నీలం అయ్యే నీళ్ళూ చూస్తుంటే, ఆ అభిప్రాయం ఎవరిదో మరొకరిది లాగా తోచింది. సరుగుడు చెట్లు మన కాకినాడ, భీమిలి తీరాల్లో ఉన్నవే. వాటి కింద రాలిన ఎర్రని సూదుల మీద అడుగు వేస్తే వచ్చే చప్పుడూ అదే. ఎదురుగా బెనితియే అనే లంక. దక్షిణాన ల మోర్న్ కొండ, 556 మీటర్ల ఎత్తున, సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల చివర ఒంటరిగా నిలబడి ఉంటుంది. నా నడక రోజురోజుకూ అర మైలు చొప్పున పెరిగింది. గుండె సంగతి మరిచిపోయాను.

పదిరోజుల మీద గాని నాకొక సంగతి తట్టలేదు. ఉదయం పదింటికి పల్లె అంత నిశ్శబ్దంగా ఉండటానికి కారణం పల్లెలో మనుషులు లేకపోవటమే. ఆడవాళ్ళు తెల్లవారుజామునే మొదటి బస్సెక్కి హోటళ్ళలో పక్కదుప్పట్లు మార్చటానికి పోతారు. మగవాళ్ళు పడవల్లోనో, బంగళాల తోటల్లోనో ఉంటారు. నేను ఆస్వాదించిన ప్రశాంతత వాళ్ళు పనిలో ఉన్న వేళ ఊరు ఖాళీగా ఉండటం. సాయంకాలం ఆరింటికి వాళ్ళు తిరిగి వచ్చాక ఊరు మన ఊళ్ళలాగే కేకలు వేసుకుంటుంది.

ఉత్తరంగా తామరిన్ అనే చోట ఉప్పుమళ్ళున్నాయని విని ఒకనాడు పనిగట్టుకుని వెళ్ళాను. నౌపడావాడు ఉప్పుమడి చూడటానికి సముద్రాలు దాటటమేమిటని మా ఊళ్ళోవాళ్ళు నవ్వవచ్చు. కాని ఆ మళ్ళు వేరు. మన మళ్ళకు అడుగున తొక్కి గట్టిచేసిన మట్టి ఉంటుంది గనక ఉప్పులో కాస్త బూడిదరంగు కలుస్తుంది. అక్కడ నల్లని అగ్నిపర్వతపు రాయి చెక్కి గళ్ళుగళ్ళుగా మళ్ళు కట్టారు. సముద్రపు నీరు ముందు పై మళ్ళలోకి ఎక్కుతుంది. అక్కడ కొంత ఇగిరి కింది మడికి, అక్కడినుంచి ఇంకా కిందికి, ఇట్లా దిగుతూ చిక్కబడుతూ చివరికి రాతిమడిలో గడ్డకడుతుంది. నల్లరాయి మీద తెల్లని ఉప్పు. చూడటానికి చాలా అందంగా ఉంటుంది. అందుకే రోడ్డు పక్కన కార్లు ఆపి ఫోటోలు తీసుకుంటున్నారు.

ఒకప్పటంత పని ఇప్పుడు లేదు. కొన్ని మళ్ళు ఎండి పడి ఉన్నాయి. నేను వెళ్ళిన నాడు నలుగురు ఆడవాళ్ళు చీపుళ్ళతో ఉప్పు కుప్పచేసి తట్టల్లో ఎత్తి నెత్తిన పెట్టుకుని కొట్టులోకి మోస్తున్నారు. కాళ్ళకు రబ్బరు బూట్లున్నాయి. మా మేనత్త పదిహేనో ఏటినుంచి ఉప్పుమళ్ళలో పనిచేసింది. ఆమెకు బూట్లు లేవు. ఆమె అరికాళ్ళలో ఉన్న పగుళ్ళు, చిన్నప్పుడు నాకు, ఎండిన చెరువులాగా కనిపించేవి. ఆ సంగతి గుర్తున్నవాణ్ణే, నా చెయ్యి కూడా ఫోను పైకి ఎత్తింది. ఆ నలుగురిలో ఒకామె నా వంక చూసి, ఏమీ అనకుండా, వీపు అటు తిప్పింది. ఫోను జేబులో పెట్టుకున్నాను. అంతవరకు తీసిన ఫోటోలో ఆమె వీపే ఉన్నది.

తామరిన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సు రివియేర్ న్వార్ ఊరిమీదుగా వస్తుంది. అంటే నల్ల ఏరు. ఈ పేరు నేను కాలేజీలో ఉండగా చదివాను. ఫ్రెంచి రచయిత బెర్నార్డిన్ ద సాంపియేర్ 1788లో ప్రచురించిన ‘పాల్, వర్జినీ’ నవల ఈ ద్వీపంలో జరుగుతుంది. యూరపులో ఆ పుస్తకం చదివి ఏడవనివాడు లేడని చెప్పుకునేవారు. ఉష్ణమండలపు ద్వీపమంటే అమాయకమైన ప్రేమ, అరటిచెట్లు, ప్రశాంతత అనే భావాన్ని లోకానికి అంటగట్టిన పుస్తకాల్లో అది ముఖ్యమైనది. కాని ఆ పుస్తకంలోనే ఒక ఘట్టం ఉన్నది. పారిపోయి వచ్చిన బానిస స్త్రీ ఒకామె, ఒళ్ళంతా కొరడా దెబ్బలతో, వర్జినీ గుమ్మంలోకి వస్తుంది. ఆమె యజమాని ఉండేది ఈ నల్ల ఏటి దగ్గరే. దయగల పిల్ల వర్జినీ ఆమెకు అన్నం పెట్టి, పాల్‌ను తోడు తీసుకుని, అడవిదారిన నడిచి నడిచి, ఆమెను తీసుకుపోయి యజమానికే అప్పగిస్తుంది, క్షమించమని బతిమాలుతుంది. యజమాని ఆ అందమైన పిల్ల ముఖం చూసి క్షమించానంటాడు. పిల్లలు మంచిపని చేశామని తిరిగివస్తారు. తరవాత తెలుస్తుంది, ఆ స్త్రీని కాలికి గొలుసు వేసి మొద్దుకు కట్టి, మెడకు ఇనపకొక్కేల పట్టీ బిగించాడని.

ఇరవయ్యో ఏట చదివినప్పుడు ఈ ఘట్టాన్ని నేను బానిసత్వం మీద విమర్శ అనుకున్నాను. విమర్శే. రచయితకు బానిసత్వమంటే అసహ్యం, అందులో సందేహం లేదు. అయితే ఇప్పుడు ఆ ఏరు దాటుతూ ఆలోచిస్తే వేరొక సంగతి తట్టింది. ఆ కథలో ముగ్గురు మనుషులు ఒకే దారిన నడిచారు. ఇద్దరికి అది ప్రయాణం. కొండలు, వాగులు, పళ్ళు, అలసట అన్నీ రచయిత ముచ్చటగా వర్ణించాడు. మూడోమనిషికి ఆ దారిలో ఏం కనిపించిందో ఆయన రాయలేదు.

ఇక నేను ఎవరింట్లో దిగానో ఆయన సంగతి చెప్పాలి. డెబ్భై ఏళ్ళ మనిషి. సన్నగా నల్లగా మా ఊరి బెస్తల్లో ఒకడిలాగా ఉంటాడు. తీరంలో చేపలు పట్టి బతికాడు, ఇప్పటికీ పిరోగ్ అనే చిన్న పడవలో వెదురుమావులు తీసుకుపోయి దిబ్బ పక్కన దించి వస్తాడు. ఇంట్లో మాట్లాడేది క్రియోల్. నాతో మాట్లాడేది వచ్చీరాని ఇంగ్లీషు. మూడో రోజున గాని తాము తెలుగువాళ్ళమని చెప్పలేదు. “మమ్మల్ని కొరింగీలంటారు” అన్నాడు. కోరంగి రేవునుంచి ఓడలెక్కిన కారణాన ఆ రేవు పేరు ఇక్కడి తెలుగువాళ్ళందరికీ అంటుకుపోయింది, విశాఖపట్నం నుంచి వచ్చినవాళ్ళకు కూడా. ఆ రేవును 1839 నవంబరులో ఉప్పెన ఊడ్చేసింది. మన దగ్గర ఆ పేరు ఇప్పుడు మడ అడవికీ ఒక చిన్న ఊరికీ మిగిలింది. అక్కడ ఒక జాతికే పేరయి నిలబడింది.

చిన్నతనంలో బడిలో కొద్దిగా తెలుగు నేర్చుకున్నాడు. అక్కడ తెలుగు బళ్ళలో చెపుతారు, ఉగాదికి దేశమంతటా సెలవు, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే. ఈ ఘనతలన్నీ మనవాళ్ళు సభల్లో చెప్పుకుంటారు గనక నేను వాటి జోలికి పోను. నేను ఆయన్ను “అన్నగారూ” అన్నాను. దాని అర్థం అడిగి తెలుసుకుని, ఆ సాయంకాలం వాళ్ళావిడకు రెండుసార్లు చెప్పాడు. రాంభజనంలో దీపం చుట్టూ తిరుగుతూ పాడే పాటలు ఆయనకు బోలెడు కంఠతా వచ్చు. ఒకటి పాడి, “ఇందులో ఏమున్నది?” అని నన్నడిగాడు. నూటయాభై ఏళ్ళు నోటినుంచి నోటికి అరిగిన మాటలవి. సగం నాకూ అర్థం కాలేదు.

ఒక రాత్రి భోజనాలయ్యాక బీరువాలోనుంచి ప్లాస్టిక్ సంచీ ఒకటి తీశాడు. అందులో ఆయన ముత్తాత కాగితం నకలున్నది. మోకా ఊళ్ళో మహాత్మాగాంధీ సంస్థ ఉన్నది. వలసకూలీల దస్తావేజులు అక్కడ భద్రం చేశారు. అడిగినవారికి వెతికి నకలిస్తారు. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు, ఓడ పేరు, అన్నిటికన్నా పైన ఒక నెంబరు. పక్కన ఫోటో. ఆ ఫోటోను నేను చాలాసేపు చూశాను. తలపాగా లేదు, చొక్కా లేదు, కళ్ళు నేరుగా కెమెరాలోకి చూస్తున్నాయి. అది ముచ్చటపడి తీయించుకున్న ఫోటో కాదు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పక తప్పదు. మారిషస్‌లో బానిసత్వం 1835 ఫిబ్రవరి 1న రద్దయింది. రద్దయిన బానిసలు సుమారు అరవైఆరు వేలమంది. యజమానులకు బ్రిటిషు ప్రభుత్వం దాదాపు 21 లక్షల పౌండ్లు నష్టపరిహారమిచ్చింది. బానిసలకు ఏమీ ఇవ్వలేదు, పైగా “అప్రెంటీసు” అనే పేరుతో 1839 దాకా అదే తోటల్లో పని చేయించింది. చట్టం అమలులోకి రాకముందే, 1834 నవంబరు 2న, కలకత్తానుంచి ‘అట్లాస్’ అనే ఓడలో 36 మంది కూలీలు వచ్చి దిగారు. తరవాత ఎనభై ఏళ్ళ లోపల మొత్తం నాలుగున్నర లక్షలమంది. చక్కెర తోటల్లో గడువు పూర్తి చేసినవాణ్ణి “పాత వలసదారు” అన్నారు. గడువు తీరినవాడు స్వతంత్రుడు కదా, ఎక్కడికైనా పోవచ్చు కదా అని మనం అనుకుంటాం. దొరలకు ఆ భయమే పట్టుకున్నది. 1867లో చట్టం తెచ్చారు. పాత వలసదారు ప్రతివాడూ తన ఫోటో అంటించిన టిక్కెట్టు వెంట ఉంచుకోవాలి. ఒక జిల్లానుంచి ఇంకొక జిల్లాకు పోవాలంటే పోలీసు పాసు కావాలి. అది లేకుండా రోడ్డు మీద కనిపిస్తే దేశదిమ్మరి కింద జైల్లో వేస్తారు. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్స్ అనే తోటదారు ఒకడు 9,401 మంది పాత వలసదారుల తరఫున అర్జీ రాసి పెట్టించాడు. తెల్లవాడై ఉండి ఈ పని చేసినందుకు తోటి తోటదారులు అతని మీద విరుచుకుపడ్డారు. ఆ అర్జీ మూలంగానే రాయల్ కమిషన్ వచ్చి, కూలీల కష్టాలు కాగితాల మీదికెక్కాయి.

ఈ కాలం మీద సాహిత్యం కూడా ఉన్నది. అభిమన్యు అనత్ హిందీలో రాసిన ‘లాల్ పసీనా’ 1977లో వచ్చింది. మన తెలుగు కూలీల సంతతికి చెందిన నతాషా అప్పన ఫ్రెంచిలో రాస్తుంది, 2023లో తన పెద్దలను గురించి ఒక పుస్తకమే రాసింది. తెలుగులో మనకు ఏమున్నదని అడిగితే నేను తలవంచుకోవాలి.

అందుచేత ఆ ఫోటో, ఆ మనిషి నడవటానికి కావలసిన ఫోటో. ఆ ముక్క నేను అప్పుడు అన్నగారితో అన్నాను. ఆయన తల ఊపి కాగితంలో ఒక చోట వేలు పెట్టాడు. జిల్లా విశాఖపట్నమని తెలుస్తున్నది. దాని పక్కన ఊరి పేరు గుమాస్తా ఏదో గిలికాడు. “ఇది చదివి చెప్పగల మనిషి కోసం చూస్తున్నాను” అన్నాడు. ఎంత చూసినా నాకు తెలియలేదు. తెలియదంటే ఆయన ముఖం ఎట్లా అవుతుందోనని, నోటికి వచ్చిన ఊరు ఒకటి చెపుదామా అన్న ఆలోచన కూడా వచ్చింది. చెప్పలేదు. నకలుకు ఫోటో తీసుకుని, మా వైపు పెద్దల్ని అడుగుతానన్నాను.

ఆ మర్నాడే మేము ల మోర్న్ వెళ్ళాం. అది యునెస్కో వారి జాబితాలో 2008లో చేరింది. తోటలనుంచి పారిపోయిన బానిసలు ఆ కొండ మీద దాక్కుని బతికారు. వాళ్ళను గురించి జనం తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. 1835లో బానిసత్వం రద్దయిందని చెప్పటానికి పోలీసులు కొండ ఎక్కారు. పైనున్నవాళ్ళు తమను పట్టుకోవటానికే వస్తున్నారనుకుని, పట్టుబడటం కన్న చావు మేలని అక్కడినుంచి దూకారు. దీనికి కాగితం సాక్ష్యం ఉన్నదా అని చరిత్రకారులు అడుగుతారు. వాళ్ళ పని వాళ్ళు చెయ్యవలసిందే. నామటుకు నాకు ఈ కథలో పోలీసులు తెచ్చిన శుభవార్త మీద జనానికున్న అనుమానమే ముఖ్యమనిపిస్తుంది. అప్రెంటీసు చట్టం తెలిసిన తరవాత ఆ అనుమానం అన్యాయమని ఎవరనగలరు?

బస్సు దిగి నడుస్తున్నాం. అన్నగారి చేతిలో ప్లాస్టిక్ బకెట్టు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. దిబ్బ మీద నీళ్ళు తీసిన వేళ ఆక్టోపస్ దొరుకుతుందేమో చూద్దామని ఆయన ఉద్దేశం. నేను అల్లుడు కొనిచ్చిన టోపీ, తెల్లచొక్కా, కొత్త బూట్లు. రోడ్డుకు ఒక పక్కన పొడుగునా హోటళ్ళ గోడలు. సముద్రం అవతల ఉన్నదని వాసన వల్ల తెలియవలసిందే గాని కంటికి కనిపించదు. పదకొండు గంటల ఎండ. ఒక గేటు దగ్గరకు వచ్చేటప్పటికి నాకు దాహం వేసింది. లోపలినుంచి సముద్రం ఒడ్డుకు సూటిగా దారి కనిపిస్తున్నది. నేను ముందున్నాను. కాపలా కుర్రవాడు నన్ను చూసి చెయ్యి పైకెత్తి “బొంజూర్ మిస్యే” అని అడ్డుకర్ర లేపాడు. అతను నన్ను అతిథి అనుకున్నాడని నాకు తెలుసు. కాదని చెప్పవచ్చు. చెప్పలేదు. లోపలికి నడిచాను. చెట్లనీడన పదడుగులు వేశానో లేదో, తెల్లబట్టల అమ్మాయి ఒకతె పళ్ళెంలో చల్లని నిమ్మరసం గ్లాసూ, మడిచిన తడితువ్వాలూ పట్టుకుని వచ్చింది. తీసుకుని తాగాను. సగం గ్లాసు తాగాక, అన్నగారేరీ అని వెనక్కు చూశాను.

ఆయన గేటు అవతల ఎండలో నిలబడి ఉన్నాడు. అడ్డుకర్ర దిగి ఉన్నది. కుర్రవాడు ఆయనతో క్రియోల్‌లో మెల్లగా ఏదో చెపుతున్నాడు. ఆయనను “తోంతోన్” అంటున్నాడు, అంటే బాబాయి. తరవాత తెలిసింది, ఆ కుర్రవాడు లా గోలెట్ పిల్లవాడే. అన్నగారింటికి మూడిళ్ళ అవతల ఉంటాడు. చిన్నప్పుడు ఆయన పడవలోనే ఈత నేర్చుకున్నాడు.

నేను గ్లాసు చేత్తో పట్టుకునే గేటు దగ్గరికి వచ్చి, ఆయన నా మనిషి అన్నాను. “నా మనిషి” అన్న మాట నా నోటినుంచే వచ్చింది. కుర్రవాడు ఫోనులో ఎవరినో అడిగి, మీతో అయితే రావచ్చునన్నాడు. అన్నగారు నవ్వి తల అడ్డంగా ఊపాడు. “నేను బీచికి పోతాను. ఇంకొక అరగంట నడిస్తే అందరిదీ ఉన్నది. మీరు ఇటే రండి, నీడగా ఉంటుంది” అన్నాడు. కుర్రవాడి వంక చూసి భుజం తట్టాడు. ఆ కుర్రవాడు మా ఇద్దరిలో ఎవరి ముఖం కేసీ చూడలేదు.

నేను గ్లాసు అడ్డుకర్ర పక్కన గోడ మీద పెట్టి బయటికి వచ్చాను. అరగంట మాటల్లేకుండా నడిచాం. అవమానం నాకు జరగలేదు. జరిగినాయన నింపాదిగా ఉన్నాడు. నాకు మాత్రం నిమ్మరసం రుచి నోట్లోనుంచి పోలేదు. ఉప్పుమళ్ళ దగ్గర వీపు తిప్పినామె గుర్తొచ్చింది. వర్జినీ కూడా గుర్తొచ్చింది. ఆ పిల్ల కనీసం దాహంతోనే నడిచింది.

అందరి బీచి చేరాక, సరుగుడు నీడన కూచుని, మీకు కోపం రాలేదా అని అడిగాను. “వాడి ఉద్యోగం వాడిది” అన్నాడు. మరికాస్సేపటికి తానే చెప్పటం మొదలుపెట్టాడు. ఈ దేశంలో సముద్రం ఒడ్డున 81 మీటర్ల 21 సెంటీమీటర్ల వెడల్పున నేల ఎవరికీ అమ్మటానికి వీల్లేదు, అది రాజ్యానిది. ఫ్రెంచివాళ్ళ కాలంనాటి పద్ధతి. అప్పట్లో కోటలకూ ఫిరంగులకూ చోటు కావాలని విడిచిపెట్టారు. ఇంగ్లీషువాళ్ళు 1895లో దాన్నే చట్టంగా రాశారు. ‘పా జెవొమెత్రిక్’ అంటారు. 250 ఫ్రెంచి అడుగుల లెక్క గనక ఆ 21 సెంటీమీటర్లు కూడా వచ్చాయి. అమ్మటానికి వీల్లేదు గాని కౌలుకివ్వవచ్చు. హోటళ్ళకూ, షోకైన బంగళాలకూ దీర్ఘకాలపు కౌళ్ళకిచ్చారు. ఆటుపోట్ల గీత కింద ఇసక అందరిదీ. ఆ ఇసక మీద నడవకుండా ఎవరూ ఎవరినీ ఆపలేరు. అక్కడికి పోయే దారి మాత్రం వేరే సంగతి.

ఈ లెక్క ఒక పల్లెవాడికి సెంటీమీటర్లతో సహా తెలిసి ఉండటం నన్ను ఆశ్చర్యపెట్టింది. ఎట్లా తెలుసునంటే, దక్షిణాన పొంపొనెట్ బీచిని హోటలుకివ్వబోయినప్పుడు జరిగిన ఆందోళనలో తాను కూడా ఉన్నానన్నాడు. “ఆరెత్ కొకెన్ ను లాప్లాజ్” అనే పేరుతో జనం కలిశారు. ‘మా తీరాన్ని దొంగిలించటం ఆపండి’ అని దాని అర్థం. బీచిలో కూచున్నాం, పాడాం, వంటలు చేసుకు తిన్నాం అన్నాడు. 2020లో ఆగ్నేయతీరాన వాకాషియో ఓడ దిబ్బనెక్కి చమురు కారినప్పుడు కూడా వెళ్ళాడట. ప్రభుత్వం ఏంచేస్తుందా అని చూడకుండా జనం చెరకు ఆకు గుడ్డగొట్టాల్లో కుక్కి కుట్టి, నీళ్ళ మీద తేలేసి నూనెకు అడ్డం కట్టారు. అది చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారింది. గేటు దగ్గర నవ్విన మనిషికి కోపం లేదనుకోవటం నా పొరపాటు. ఆ కోపాన్ని ఒక కుర్రవాడి మీద ఖర్చుపెట్టదలుచుకోలేదు, అంతే.

ఆనాడు ఆక్టోపస్ దొరకలేదు. బకెట్టులో రెండు గవ్వలు వేసుకుని వచ్చాం. మిగిలిన వారం నేను నా నడకలు మానలేదు. డాక్టరు చెప్పాడు గదా. కాని గోడలున్న వైపు పోలేదు. ఒకనాడు బే ద్యు కాప్ దాకా బస్సులో వెళ్ళి, అక్కడ 1803లో దిగిన మాథ్యూ ఫ్లిండర్స్ స్మారకం చూశాను. ఆస్ట్రేలియా చుట్టూ ఓడ నడిపి పటం గీసిన ఇంగ్లీషువాడు, నీళ్ళకోసమూ ఓడ మరమ్మతుకోసమూ ఇక్కడ ఆగితే ఫ్రెంచివాళ్ళు గూఢచారి అనుకుని ఆరేళ్ళకు పైగా ద్వీపంలో అట్టేపెట్టారు. అతనికి రాయి నిలబెట్టారు. పాసు లేక పట్టుబడిన కూలీల్లో ఒక్కడికైనా ఈ తీరంలో రాయి నాకు కనపడలేదు.

తిరిగి వచ్చి ఎనిమిది నెలలయింది. ఆ కాగితం ఫోటో పెద్దదిగా తీయించి బల్ల మీద పెట్టుకున్నాను. ఊరి పేరు మొదటి అక్షరం ఇంగ్లీషు ‘బి’ అని కొందరంటారు, కాదు ‘ఆర్’ అని కొందరు. చివర ‘వలస’ అని ఉన్నట్టున్నది. కాని బొబ్బిలి, పార్వతీపురం వైపు ఆ తోకతో ఉన్న ఊళ్ళు ఎన్ని వందలో ఆ ప్రాంతం తెలిసినవారికి చెప్పనక్కరలేదు. రెండుసార్లు స్వయంగా వెళ్ళి ముసలివాళ్ళను అడిగి వచ్చాను. కిందటి వారం అన్నగారు ఫోను చేసినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆ ఊళ్ళు సముద్రానికి దగ్గరా అని అడిగాడు. దగ్గర కాదు, కొండలవైపు అన్నాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, “అయితే ఆయన సముద్రాన్ని మొదట చూసింది ఓడ ఎక్కేటప్పుడే అయి ఉంటుంది” అన్నాడు.